గొర్రెలకాపరి చెయ్యి

"తల్లీ, కొంచెం నీళ్లిస్తావా? దీనిక్కూడా."

సౌభాగ్య తలెత్తింది. వాకిట్లో ఒక ముసలాయన. ఆయన చేతికింద నొసట తెల్ల మచ్చున్న నల్ల పొట్టేలు.

మిగతా మంద రోడ్డెక్కి ముందు పోతోంది. ఎవరో అదిలిస్తున్నారు.

సౌభాగ్య చేతిలోని బొమ్మను జాగ్రత్తగా బల్లమీద పెట్టి లేచింది. చెంబు ఆయన చేతికిచ్చింది. బకెట్టు పొట్టేలు ముందు పెట్టింది.

"యాడికి తాతా మంద?"

"పావగడ సంతకు."

ముసలాయన కళ్లు చిట్లించుకునే నీళ్లు తాగాడు. బలసముద్రంలో అది వింత కాదు. చుట్టూ సోలార్ పలకలే. ఎండెక్కితే ఆ మెరుపుకు ఊరంతా కళ్లు చిట్లించుకునే తిరుగుతుంది.

"ఏందమ్మణ్ణీ, ఇల్లంతా రంగు వాసన? పెండ్లా?"

"పెండ్లి కాదు తాతా. బొమ్మకు రంగేస్తాండా."

"దేవుడి బొమ్మా?"

"రాక్షసుడు."

"దేవుండ్లంతా అయిపోయినారా?"

సౌభాగ్యకు నవ్వొచ్చింది. మూడు నెలల్లో అదే మొదటిసారి.

బొమ్మ ఆమె తమ్ముడిది. నందీశ్ సోలార్ ప్లాంటులో పనిచేస్తూ, సెలవు దొరికితే చిన్న చిన్న బొమ్మలు చేసేవాడు. అంగట్లో కొన్న ప్లాస్టిక్ సిపాయిలను కోసి, ఒకడి తల ఇంకొకడికి అతికించి, పుట్టీతో కండలు పెట్టి, గ్రీకు పురాణాల్లోని వీరులుగా మార్చేవాడు. వెంట్రుకంత కుంచెతో రంగులేసేవాడు.

బెత్తెడు ఎత్తున్న ఈ రాక్షసుడు పూర్తికాకముందే, మూడు నెలల కిందట, నందీశ్ జ్వరం వచ్చి చనిపోయాడు.

బొమ్మకు అన్నీ ఉన్నాయి, కుడి చెయ్యి తప్ప. పెట్టెలో ఒక చీటీ దొరికింది. "చెయ్యి ఎట్ల? ఎవరినన్నా అడగాల."

ఎవరిని అడగాలో రాయలేదు.

ఆదివారం నందీశ్ స్నేహితులు పావగడలో అతని బొమ్మలన్నీ ప్రదర్శనకు పెడుతున్నారు. తమ్ముడి చివరి బొమ్మ మొండిచేత్తో నిలబడకూడదు. కుంచె పట్టడం కూడా సరిగా రాని సౌభాగ్య పుట్టీతో ఆ ఒక్క చెయ్యి చేయడానికి మూడు రోజులుగా కుస్తీ పడుతోంది.

"వాని కథేంది?" ముసలాయన మెట్టుమీద కూర్చున్నాడు.

"వానికి ఒకటే కన్ను తాతా. గొర్రెలు కాస్తాడు. వాని గుహలోకి దొంగల మాదిరి దూరి చిక్కిన మనుషులు ఆ కన్ను పొడిచేసినారు. తెల్లారి మందను బయటికి వదిలేటప్పుడు వాళ్లు పారిపోతారేమోనని వాడు ఒక్కో గొర్రె వీపూ తడిమినాడు. వాళ్లేమో గొర్రెల కడుపుల కింద ఏలాడి తప్పించుకున్నారు."

"పెద్ద పొట్టేలు ముందొచ్చిందా, ఆఖర్న వచ్చిందా?"

సౌభాగ్య విస్తుపోయింది. కథలో ఆ సంగతి ఉంది.

"ఆఖర్న. దినామూ ముందుండేది, ఆ పొద్దు మాత్రం ఆఖర్న వచ్చింది."

"వస్తాది," అన్నాడాయన. చెయ్యి పొట్టేలు మెడమీదే ఉంది. "ఏదీ, ఇట్లియ్యి."

ఆమె బొమ్మను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్లతో మెల్లగా తిప్పాడు.

"ఇదేంది తల్లీ, దెయ్యం చెయ్యి! ఇట్ల గోళ్లతో పట్టుకుంటే పొట్టేలు నిలబడతాదా?"

"దొంగల్ని ఎతుకుతాండాడు కదా తాతా. కోపంతో."

"మంద పోతాంటే చెయ్యి దొంగల్ని ఎతకదు. ఇట్ల."

బొటనవేలితో ఆ చేతిని అదిమాడు.

"అయ్యో! కండ్లు కనపడవా నీకు? పచ్చి పుట్టీ అది! మూడు దినాల పని!"

బొమ్మను లాక్కుంది.

ఆయన చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

"తప్పయింది తల్లీ."

లేచి, పొట్టేలు మెడమీద చెయ్యేసి, మంద వెనకే వెళ్లిపోయాడు. సౌభాగ్య అటు చూడలేదు.

చెడిన చేతిని గీకేయాలని బ్లేడు తీసుకుని, బొమ్మను భూతద్దం కింద పెట్టింది.

బ్లేడు కదల్లేదు.

అరచెయ్యి వెడల్పుగా పరుచుకుని ఉంది. వేళ్ల కొసలు కొంచెం పైకి లేచి, చెయ్యి ఉన్నిలోకి దిగినట్టుంది. ముసలాయన బొటనవేలి గీతలు ఆ చింతగింజంత అరచేతిలో చేతిగీతలై నిలిచాయి.

నందీశ్ ముందే చేసిపెట్టిన శనక్కాయంత బొమ్మ పొట్టేలును తెచ్చి ఆ చేతికింద నిలబెట్టింది.

ఇప్పుడక్కడ రాక్షసుడు లేడు. కన్ను పోయిన కాపరి ఒకడు తన పొట్టేలును ఏదో అడుగుతున్నాడు. పొట్టేలు ఆగి వింటోంది.

సౌభాగ్య బ్లేడు పక్కన పెట్టింది. తమ్ముడు అడగాలనుకున్న మనిషి, తన వాకిట్లోకే వచ్చి వెళ్లాడు.

ఆదివారం ప్రదర్శనలో అందరూ ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. మాట్లాడుతూ వచ్చినవాళ్లు కూడా వంగి ఆ చేతినే చూశారు.

"ఈ చెయ్యి ఎవరు చేసినారక్కా?" నందీశ్ స్నేహితుడు అడిగాడు.

ఆ ముసలాయన పేరు ఆమెకు తెలియదు.

సోమవారం బొమ్మను గుడ్డలో చుట్టుకుని సోలార్ పలకల దగ్గరికి వెళ్లింది. మంద వచ్చిన దిక్కునున్న వెంకటమ్మనహళ్లి నుంచి పనికొచ్చే ఎల్లక్క అక్కడ పలకలు కడుగుతోంది.

"ఎల్లక్కా, నొసట తెల్ల మచ్చుండే నల్ల పొట్టేలు ఎవరిది?"

"మా బోరయ్య మామది. మొన్న సంతలో మంద అమ్మేసినాడు గదా. దాన్నొక్కదాన్నే ఉంచుకున్నాడు."

"యాడుండాడు ఇప్పుడు?"

"ఆ పొద్దే కూతురు వచ్చి పిలుచుకోని పోయింది. ఇంగ ఈ పక్కకు రాడు."

సౌభాగ్య గుడ్డ విప్పింది.

"నోటికొచ్చినట్ల అరిస్తి ఆయన మీద. ఇది చూపిచ్చి, తప్పు నాదే అని చెప్పాల."

ఎల్లక్క నీళ్ల పైపు కింద పెట్టింది.

"చూపిచ్చేదేంది సౌభాగ్యా? మామకు కండ్లు పోయి పన్నెండేండ్లాయె."