రెండో అద్దం

చలి ముదిరేలోపు సైబీరియాలోని మా యాకుత్స్క్‌లో ప్రతి బండి కిటికీలకూ బయటివైపు గట్టి ప్లాస్టిక్ అద్దం అతికిస్తాం. లేకపోతే కిటికీకి లోపల మంచు పేరుకుని దారి కనిపించదు. ఆ పనిలో నన్ను మించినవాడు లేడు.

నది గడ్డకట్టేముందు అవతలి నుంచి వచ్చే ఆఖరి పడవ మీద తుయారా తన బండి తెచ్చింది. ఇంజనుకు కంబళి కట్టించుకుంది, బ్యాటరీ మార్పించుకుంది. అద్దాల దగ్గరికొచ్చేసరికి అడ్డుపడింది.

"డ్రైవరు వైపుది వదిలెయ్, ఉయ్‌బాన్ అన్నా."

"వదిలేస్తే ఏం కనబడుద్ది? మంచు గీక్కుంటూ నడుపుతావా?"

"గీక్కుంటాలే."

"పిచ్చి మాటలాడకు చెల్లీ. సుత్తితో కొట్టినా పగలదు. పోయినేడు మీ ఆయన బండికి వేసింది నేనే. ఊడిందేమో అడుగు."

"ఊడలేదన్నా," అంది. "గడ్డకట్టిన నది మీద వస్తుంటే మంచు విరిగి బండి మునిగింది. వసంతంలో బండిని బయటికి లాగారు. లోపలి అద్దం పగలగొట్టుకున్నాడు. నువ్వు వేసింది అలాగే ఉంది."

ఒక్క కిటికీ వదిలేసి పంపించాను.

ఆమె వెనక నాలుగు బండ్లున్నాయి, అన్నీ అద్దాల కోసమే. జిగురు డబ్బా మూత మళ్లీ తీశాను.