రొయ్యల పాలైన సిగార్ల పెట్టె

"ఇగ నా కొలువు పోయినట్టే," అన్నాడు దివాకర్, పెట్టె మూత తీసి వెంటనే ముక్కు మూసుకుంటూ.

అది అల్లాటప్పా పెట్టె కాదు. లోపలంతా దేవదారు చెక్క పరిచిన సిగార్ల పెట్టె. ఆదిభట్ల దగ్గర కొత్త వెంచర్ వేస్తున్న సంజీవ సార్, ప్రారంభానికొచ్చే పెద్దమనిషికి కానుకిద్దామని తెప్పించాడు. ఆఫీసులో దుమ్మని ఇబ్రహీంపట్నంలోని దివాకర్ ఇంట్లో పెట్టించాడు. "పైలం! సైట్ మేనేజర్ పోస్టు నీకేనంటున్న గద, ఇది మంచిగ అప్పజెప్పు," అన్నాడు.

ప్లాట్లు చూపించే పని మీద మహేశ్వరం వెళ్లిన దివాకర్ రెండు రోజులకు తిరిగొచ్చాడు. గడపలో కాలు పెట్టగానే కంపు గుప్పుమంది. అతని భార్య సునంద అంగడిలో కొన్న ఎండు రొయ్యలన్నీ ఆ పెట్టెలో పోసి, దాని పక్కనే కూర్చుని తాపీగా చిక్కుడుకాయలు తుంచుతోంది.

"మూత గట్టిగ పడ్తుంది, చీమలు పట్టవని పోసిన. సార్‌దని నువ్వు చెప్పకపోతివి," అంది భయంగా.

ఇంకొకడైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడే. దివాకర్ ఆమె మొహం చూసి, ముక్కు మీది చెయ్యి తీసేశాడు.

"ఏం గాదు తియ్. సార్ వచ్చేదాంక టైముంది."

సిటీలో సిగార్ల దుకాణంలో పనిచేసే దోస్తు హన్మంత్‌కు ఫోన్ చేశాడు.

"నీళ్లు గుమ్మరించకు, చెక్క ఉబ్బుతది," అన్నాడు హన్మంత్. "సబ్బు, సెంటు అసలే వద్దు, ఆ వాసన సిగార్లకు పడ్తది. పిండిన బట్టతోని తుడిచి నీడకు ఆరబెట్టు. తర్వాత బొగ్గులు పెట్టి మూసెయ్."

మొగుడూపెళ్లాలు ఆ పెట్టెకు పసిబిడ్డకు చేసినట్టు సేవలు చేశారు. సునంద ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అడిగి తెచ్చింది. వాటితో కంపు లొంగకపోతే గిన్నెలో వంటసోడా పెట్టారు. అప్పటికీ మొండికేస్తే దివాకర్ సన్నటి సాండ్‌పేపర్‌తో చెక్కను మెల్లగా రుద్దాడు. అలా రుద్దుతున్నప్పుడే ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడింది. "సునందా, పప్పు!" అని అతను అరిస్తేగానీ పొయ్యి పక్కనే ఉన్న మనిషి కదల్లేదు.

పొద్దున్నే మూత తీసి దివాకర్ వాసన చూసేవాడు.

"ఎట్లుంది?" అని సునంద ఆత్రంగా అడిగేది.

"జర తగ్గినట్టే ఉంది. నువ్వు సూడరాదు?"

"నువ్వే సూడు. నా మాట నమ్ముకుంటే నీ కొలువు పోతది."

చివరికి ఒక పొద్దున మూత తీస్తే దేవదారు పరిమళం తప్ప మరేమీ తగల్లేదు. దివాకర్ ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే సంజీవ సార్ కారు దిగి లోపలికొచ్చాడు. పెట్టె తెరిచి గట్టిగా పీల్చాడు. "మస్తుంది! రేపటి సంది సైట్ మేనేజర్‌వి నువ్వే."

దివాకర్‌కు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆఖరిసారి తుడిచి ఇద్దామని సునంద పెట్టె మీదికి వంగి, లోపలి ట్రే పైకెత్తింది. ఒక్కసారిగా మొహం పక్కకు తిప్పేసుకుంది.

"ఛీ! దీని కింద ఇంకా రొయ్యల కంపు కొడ్తుంది!"

అనేసి, అన్న మాటకు తనే బిత్తరపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సంజీవ సార్ కనుబొమలు ముడిపడ్డాయి. "రొయ్యలా? నా పెట్టెలనా?"

దివాకర్ ఆయన వైపు చూడనైనా లేదు. "ఏమన్నవ్? మల్ల అను!" అంటూ భార్య భుజాలు పట్టుకున్నాడు.

"కంపు..." సునంద మళ్లీ ట్రే కిందికి వంగి వాసన చూసింది. "రొయ్యల కంపు."

"గెలిచినం!" అని దివాకర్ వాడంతా వినబడేలా కేకేశాడు. ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు.

"పిచ్చి లేసిందా? పోస్టు వద్దా నీకు?"

"ఇస్తే ఇయ్యండి సార్, లేకుంటే లేదు!"

ఏడాది కింద కరోనా వచ్చిపోయాక సునంద ముక్కుకు తెలిసిన మొదటి వాసన అదే.