గార్‌సైడ్ గారి చేతిరాత

మూడు రోజులుగా క్లిఫర్డ్ రిమ్మర్ కంప్యూటర్‌తో తల బాదుకుంటున్నాడు.

వచ్చే ఏడాది, 1964లో, లివర్‌పూల్ రేవులో ఏ రోజు ఏ వేళకు నీళ్లు పోటెక్కుతాయో చెప్పే పట్టికను దాంతో లెక్క కట్టించాలి. ఈ సాయంత్రం ఐదింటికల్లా అది ప్రెస్సుకు చేరాలి. చేరకపోతే క్లిఫర్డ్ ఉద్యోగం గోవిందా!

ఫిబ్రవరి దాకా లెక్కలు బాగానే వస్తున్నాయి. మార్చి నుంచి అన్నీ తప్పులే.

ప్రోగ్రాములో తప్పుంటుందని అతనికి కలలో కూడా తోచలేదు. అది రాసింది ఇ. గార్‌సైడ్ మరి! క్లిఫర్డ్ చేరకముందే వెళ్లిపోయిన మేధావి. ఆ పెన్సిలు రాతల కాగితాలను అతను కళ్లకద్దుకోవడమే తక్కువ. నేరమంతా మెషిన్ మీదకు తోసి, దాని పేగులన్నీ బయటికి లాగాడు.

పొద్దున్నే బాసు లేథమ్ ఇంటినుంచి ఫోన్ చేశాడు.

"గార్‌సైడ్‌ని బతిమాలి ఒప్పించాను. పదింటికి వస్తారు. కాస్త నోరు అదుపులో పెట్టుకో."

పదింటికి తడిసిన రెయిన్‌కోటుతో, కూరల సంచీతో ఒకావిడ వచ్చింది.

"నేను మిసెస్ ఓగ్డెన్ని. లేథమ్ గారు..."

"కంప్యూటర్‌కెక్కించే టేపుకు చిల్లులు కొట్టడానికేగా? హమ్మయ్య! ఆ కాగితాలు చూసి కొట్టండి."

"టేపు సంగతి కాదు బాబూ. ఈ ప్రోగ్రాము..."

"అది మీకర్థం కాదమ్మా! నా ప్రాణం తియ్యకండి. అవతల గార్‌సైడ్ గారు వచ్చే వేళైంది!"

అతను గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చేసరికి, ఆవిడ ఆ కాగితాల్లో ఒక వరుసను పెన్సిలుతో కొట్టేసి పక్కన ఏదో రాస్తోంది.

"అయ్యయ్యో! గార్‌సైడ్ గారి చేతిరాత మీద గీతలా? బుద్ధుందా?"

"వచ్చేది లీపు సంవత్సరం. ఇందులో ఫిబ్రవరి ఇరవై తొమ్మిది లేనే లేదు, చూడండి."

"అంత మేధావికి ఆ మాత్రం తెలీదా? ఆయన్ని దిద్దేంతవారా మీరు!"

రబ్బరు తీసుకుని ఆవిడ రాసిందంతా తుడిచేశాడు.

"మేధావులు మాత్రం మర్చిపోరా?" ఆవిడ విసురుగా సంచీ అందుకుంది. "గోడకు చెప్పినా వినేది. ఇంకోసారి పిలిచినా ఒట్టు, ఈ గడప తొక్కను."

ఐదు దాటింది. పట్టిక తేలలేదు. క్లిఫర్డ్ ఒళ్లు మండి లేథమ్‌కి ఫోన్ చేశాడు.

"మీ గార్‌సైడ్ మహానుభావుడు మొండిచెయ్యి చూపించాడు సార్! నా కొంప ముంచాడు!"

"మహానుభావుడేమిటయ్యా?" లేథమ్ విసుక్కున్నాడు. "పెళ్లయిన ఆడవాళ్లకు ఇక్కడ ఉద్యోగం లేదని మనవాళ్లే ఇంటికి పంపేసిన ఈనిడ్ గార్‌సైడ్ ఆవిడ. ఇప్పుడు మిసెస్ ఓగ్డెన్."