సణుగుడు

"నీకు చెవులున్నాయా అసలు?"

తలుపు అవతల ఏనీ దేవుడితో పోట్లాటకు దిగింది. ఇవతల తల్లి బాలకుమారి చెప్పులు విడిచి, తలుపుకి చెవి ఆనించి నిలబడింది. టైము ఉదయం ఆరు.

"ఫైనల్ రౌండ్ దాకా తీసుకెళ్లి తోసెయ్యడం నీకు సరదానా? ఇది నాలుగో కంపెనీ. ఇవ్వనివాడివి ఆశెందుకు పెట్టావ్? నీతో నాకు మాటల్లేవు, పో!"

కెనడాలోని వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి పదకొండు నెలలు. ఏనీ గది దాటి రాదు, సరిగా తినదు. తల్లితో అయితే ఇంగ్లీషులో రెండు ముక్కలు. దేవుడితో మాత్రం తండ్రి నేర్పిన తెలుగులోనే, గట్టిగా. ఆ తండ్రి చనిపోయి రెండేళ్లయింది. గుండెపోటని చర్చి సంఘంలో చెప్పుకున్నారు.

బాలకుమారి చివరి మాట దాకా విని, వెళ్లి టీ పెట్టుకుంది.

షిఫ్టుకి తీసుకెళ్లడానికి వచ్చిన చంద్రకళ అప్పటికే వంటగదిలో నిలబడి ఉంది. కేంబ్రిడ్జ్ వేర్‌హౌస్‌లో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. రోజూ ఆవిడ కారులోనే వెళ్తారు. సంఘంలో ఆడవాళ్ల ప్రార్థన నడిపేదీ ఆవిడే.

"రోజూ ఇదేనా?"

"ఏది?"

"అదేం ప్రార్థన, బాలకుమారీ? దేవుణ్ణి పట్టుకుని పనివాణ్ణి కేకలేసినట్టు కేకలేస్తోంది!"

"వెయ్యనివ్వండి."

"బైబిల్లో సణిగినవాళ్లంతా అరణ్యంలోనే రాలిపోయారు. ఇలా సణిగితే ఉద్యోగం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"యోబు సణగలేదా? దావీదు ఏడవలేదా? వాళ్లకీ చెప్పొచ్చారా మీరు?"

చంద్రకళ మొహం మాడిపోయింది. "పదో క్లాసు దాటలేదు గానీ, నోరు మాత్రం పెద్దదే."

ఇద్దరూ కారెక్కి షిఫ్టుకి వెళ్లారు. బ్రేకులో బాలకుమారి ఇంటికి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి ఏనీ అరిచింది. "ఐ యామ్ ఫైన్ మమ్మీ. స్టాప్ కాలింగ్!"

చంద్రకళ ఊరుకోలేదు. బాలకుమారి ఓవర్‌టైమ్‌లో ఉన్న రెండు రోజులూ ఏనీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. వాక్యాలు చూపించింది, భయపెట్టింది, ఏడ్చింది. నీ నోరే నీ దీవెనకి అడ్డం అని చెప్పి వచ్చింది.

"ఆంటీ కేమ్ అగైన్," అంది ఏనీ. "షి లాఫ్డ్ దట్ మై డోర్ హాజ్ నో లాక్."

ఆ తలుపు గడియ ఊడదీసింది బాలకుమారే. బిగించమని ఏనీ రెండేళ్లుగా పోరుతోంది.

మర్నాడు ఉదయం ఆరింటికి తలుపు అవతల ఏ చప్పుడూ లేదు. ఆ మర్నాడూ లేదు. బాలకుమారి చెవి నొప్పెట్టేదాకా నిలబడి, షిఫ్టుకి సెలవు పెట్టింది.

శనివారం మధ్యాహ్నం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. గుమ్మంలో మంచు బూట్లు కుప్పపడ్డాయి. ఏనీ తలంటుకుని, చుడీదార్ వేసుకుని, తనంతట తనే కిందికి వచ్చింది. గది శుభ్రంగా సర్దేసిందట. తన కొత్త చలికోటు చంద్రకళ కూతురికి ఇచ్చేసింది.

"చూశారా, ఎంత మార్పో!" అన్నారెవరో.

ఏనీ చున్నీ తలమీదికి లాక్కుని మోకరించింది.

"స్తోత్రం తండ్రీ. ఉద్యోగం ఇవ్వనందుకూ స్తోత్రం. నాకు ఎవరి మీదా కోపం లేదు. నీ మీదా లేదు. మా మమ్మీని నీ చేతికి అప్పగిస్తున్నాను. ఆమెను నువ్వే చూసుకో."

"ఆమెన్!" గది దద్దరిల్లింది. చంద్రకళ కళ్లొత్తుకుంది. "విన్నావా బాలకుమారీ? ప్రార్థనంటే ఇదీ!"

బాలకుమారి లేచి, కూతురి తలమీది చున్నీ లాగేసింది.

"తిట్టు."

"మమ్మీ, వాట్?"

"రోజూ తిట్టేదానివిగా ఆయన్ని. తిట్టు. ఇప్పుడే, ఇక్కడే."

"లీవ్ ఇట్ మమ్మీ. ఐ యామ్ ఎట్ పీస్."

"నోర్ముయ్!"

చంద్రకళ మధ్యలోకి వచ్చింది. "ఏంటిది? దయ్యం కూతుర్ని వదిలి తల్లిని పట్టిందా?"

"లేవండి. అందరూ లేవండి. బూట్లేసుకుని నడవండి."

"భోజనాలు..."

"పట్టుకుపోండి!"

గుమ్మంలో చంద్రకళ వెనక్కి తిరిగింది. "బిడ్డ బాగుపడితే ఓర్వలేని తల్లిని ఇక్కడే చూశాను."

"చూశారుగా. వెళ్లండి."

తలుపు మూసినా బాలకుమారి కూతురి మణికట్టు వదల్లేదు. ఏనీ గుంజుకుంది. గిల్లింది. ఆఖరికి గొంతు చించుకుని అరిచింది.

"అందరి ముందూ పరువు తీశావ్! నీకూ చెవుల్లేవు, ఆయనకీ లేవు! ఐ హేట్ యూ బోత్!"

బాలకుమారి అక్కడే నేలమీద కూలబడింది. చెయ్యి మాత్రం వదల్లేదు. మూడు రోజుల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకుంది.

"అలా అను. ఇంకా అను," అంది. తర్వాత, సంఘానికీ కూతురికీ కూడా ఇన్నాళ్లూ చెప్పనిది చెప్పింది.

"మీ డాడీది గుండెపోటు కాదే ఏనీ, ఆ రోజు పొద్దున ఆయనా నీలాగే ఎవరి మీదా కోపం లేదని చక్కగా ప్రార్థన చేసుకుని, నన్ను దేవుడి చేతికి అప్పగిస్తున్నానని చీటీ రాసిపెట్టి వెళ్లిపోయారు."