ఉతికిన చొక్కా

1991 ఫిబ్రవరి, గల్ఫ్ యుద్ధం, సౌదీలోని అల్ ఖర్జ్. సైనిక శిబిరం లాండ్రీకి ఆసుపత్రి నుంచి వచ్చిన మూటలో రక్తంతో తడిసిన చొక్కా ఒకటి ఉంది. రెండో గుండీకి తాను కుట్టిన ఎర్రదారం చూసి సదానందం గుర్తుపట్టాడు. అది ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్‌ది. అతను పదకొండు రోజులు యుద్ధం చేసి, నిన్న యుద్ధరంగంలోనే చనిపోయాడు.

అతని తల్లి ఆ రక్తం చూడకూడదనుకున్నాడు సదానందం. చన్నీళ్లలో నానబెట్టి, మరక పోయేదాకా రుద్దాడు. తూటా చేసిన చిరుగు కుట్టి, ఇస్త్రీ చేశాడు.

మధ్యాహ్నం లెఫ్టినెంట్ తండ్రి చొక్కా కోసం వచ్చాడు. మడత విప్పి, రక్తపు మరక కోసం అటూ ఇటూ తిప్పి వెతికాడు.

తోటి పనివాడు జానీ తల పట్టుకున్నాడు. "ఎంత పని జేసినవే సదన్నా! మా ముసల్మానులల లడాయిల పోయినోళ్లకు తానం గూడ పొయ్యరు. నెత్తుటి బట్టలతోనే మట్టి ఇస్తరు. గా నెత్తుటి అంగీ కోసమే వచ్చిండాయన."

"మేం తానం పోసే సాగనంపుతం జానీ. నాకేమెరుక?"

తండ్రి అరబ్బీలో ఏదో అడిగాడు.

"ఉతికిన నీళ్లు ఏడ పారబోసినవని అడుగుతుండు," అన్నాడు జానీ.

సదానందం లాండ్రీ వెనక ఇసుక చూపించాడు. ఇంకా తడి ఆరలేదు.

తండ్రి మోకాళ్ల మీద కూర్చుని, ఆ తడి ఇసుకను దోసిళ్లతో చొక్కాలోకి ఎత్తాడు. సదానందం వంగి, చొక్కా అంచులు పట్టుకున్నాడు.