ఐదు ముక్కలు

అరఫాత్ మైదానంలో రహ్మత్ కొండ మెట్ల మీద గౌసియాబీ పది మెట్లకోసారి కూలబడుతోంది.

"ఒరేయ్ నదీం, ఆగరా. మోకాళ్లు పీకుతున్నాయి. నువ్వూ కూసో."

నదీం కూర్చున్నాడు. మంచిదే అయింది, అతనికీ ఆయాసంగానే ఉంది. పిడుగురాళ్లలో రోజుకి నాలుగుసార్లు మిద్దె మెట్లు చకచకా ఎక్కి మిరపకాయలు ఎండబోసే అమ్మ, మక్కాకి వచ్చేసరికి ఇట్లా అయిపోయిందేంది అనుకున్నాడు. అనుకున్నాడంతే. జాలి పుట్టలేదు. రెండు నెలలుగా అతనికి ఏదీ పుట్టడం లేదు.

రెండు నెలల కిందట గుంటూరులో డాక్టరు రిపోర్టు చూసి, "ఎక్కడికన్నా వెళ్లాలనుంటే ఇప్పుడే వెళ్లిరండి" అన్నాడు. సున్నం బట్టీల దగ్గర పదిహేనేళ్లు మోటార్లు బాగుచేశాడు నదీం. ఊపిరితిత్తులు మిగల్లేదు. సంగతి భార్య అఫ్రీన్‌కి తెలుసు. తల్లికి మాత్రం తెలీకూడదు. అబ్బాజాన్ పోయినప్పుడే సగమైపోయిన మనిషి, ఇది తెలిస్తే బతకదు. ఆమెకి ఇంగ్లీషు రాదు. అయినా రిపోర్టుని స్పానర్ల పెట్టె అడుగున దాచాడు.

"అమ్మీ, నీకు వయసైపోతోంది. మక్కా పోయి ఉమ్రా చేసొద్దాం" అన్నాడు. పదేళ్లుగా "ఇప్పుడెందుకురా" అంటూ వచ్చిన గౌసియాబీ, ఈసారి మారుమాట లేకుండా "పోదాం" అంది.

ఎల్లుండి తిరుగు ప్రయాణం. అప్పటిదాకా ముఖం చెదరకుండా నెట్టుకొస్తే చాలు, అమ్మ సంతోషంగా ఇల్లు చేరుద్ది.

కొండ మీద ఆమె చేతులెత్తి చానాసేపు దువా చేసింది.

"ఏం అడిగావమ్మీ అంతసేపు?"

"ఏముందిరా, నా మోకాళ్ల సంగతే."

కిందికి దిగాక ఆరేళ్ల కూతురు మున్నీ ఒంటె ఎక్కుతానని మారాం చేసింది. "మెల్లగా నడిపించవయ్యా, పిల్ల పడుద్ది" అని గౌసియాబీ ఒంటెవాణ్ణి తెలుగులోనే కసిరింది. అతనూ అర్థమైనట్టే తలూపాడు. అందరూ పగలబడి నవ్వారు. నదీం కూడా నవ్వాడు, నవ్వాలి కాబట్టి.

బస్సులో వెనక సీటు షకీలాది. నరసరావుపేట మనిషి, నోరు ఊరుకోదు.

"వదినా, నేను కఫన్ గుడ్డ తెచ్చుకున్నా. జంజం నీళ్లలో తడిపి ఇంటికి తీసుకుపోతా. పోయిననాడు దాంట్లోనే చుట్టమని పిల్లలకి చెప్పా. ఆడోళ్లకి ఐదు ముక్కలాయె, సూట్‌కేసు సగం అదే తినేసింది! మగాళ్లకే హాయి, మూడు ముక్కలతో సరి. చచ్చినాక కూడా మనకే బరువు."

"నేనూ తెచ్చాలే" అంది గౌసియాబీ, కిటికీలోంచి చూస్తూ.

అమ్మ తన కఫన్ తానే మోసుకొచ్చింది. ఏడుపు రావాలి. రాలేదు. ఆ గుడ్డ ఆమెకి చుట్టేనాటికి తను ఉండడు, అంతే తోచింది నదీంకి.

మధ్యాహ్నం నమాజు అయ్యాక మసీదు ఆవరణలో గ్లాసులతో, తాగితే రోగాలు పోతాయనే జంజం నీళ్లు పట్టుకున్నారు. "అబ్బ, పళ్లు జివ్వుమంటున్నాయిరా. నాది కూడా నువ్వే తాగు" అని గౌసియాబీ తన గ్లాసు అతని చేతిలో పెట్టింది. అతను తాగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

సాయంత్రం హోటల్లో ఆమె బాత్రూం తలుపేసుకుని, బకెట్లో జంజం పోసి గుడ్డ నానబెట్టి, బకెట్ తెచ్చి గదిలో ఓ మూల పెట్టింది.

"ఇటివ్వమ్మీ, నేను పిండి ఆరేస్తా."

"నువ్వు ముట్టుకోమాక! నమాజు నించి వచ్చాక అఫ్రీన్ చూసుకుంటది."

అత్తాకోడళ్లు మున్నీని తీసుకుని మగ్రిబ్ నమాజుకి మసీదుకి పోయారు. ఓపిక లేక నదీం గదిలోనే నమాజు చదువుకున్నాడు. తర్వాత బకెట్ వంక చూస్తూ కూర్చున్నాడు. రేపెప్పుడో అమ్మ పాడె మోసే భుజం తనది కాదు. ఈ ఒక్క పనన్నా నా చేత్తో చేస్తా అనుకుని లేచాడు.

మొదటి ముక్క పిండి కుర్చీ మీద ఆరేశాడు. ఆయాసం వస్తే ఆగాడు. రెండోది తలుపు మీద వేశాడు. మూడోది కిటికీ కడ్డీకి పరిచి అంచులు సరిచేశాడు.

నాలుగో ముక్క కోసం చెయ్యి ముంచితే, బకెట్లో నీళ్లు తప్ప ఏమీ లేవు.