పెద్ద నంబరు

నురగలు కక్కే వర్తూరు చెరువు కంపు ఏడో అంతస్తు టెర్రస్ దాకా ఎక్కింది. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని, భుజంగరావు కొత్త టెలిస్కోపుని చీకట్లో చంద్రుడి వైపు తిప్పాడు. పెట్టెలో వచ్చిన, కన్ను ఆనించి చూసే రెండు ఐపీస్‌లలో ఆరో నంబరుది బిగించాడు. చిన్న నంబరు కదా, జూమ్ తక్కువుంటుందనుకున్నాడు.

కంటినిండా పసుపుపచ్చటి జిగురు కనిపించింది. అందులో ఎర్రటి సన్న దారాలు. చెరువు నురగ ఎగిరొచ్చి అద్దానికి అంటుకుందేమోనని, ఇలాంటివన్నీ తెలిసిన ఆఫీసు స్నేహితుడు స్టాన్లీకి ఫోన్ చేసి, ఆరో నంబరులో కనిపించింది చెప్పాడు.

"రివర్స్ గురూ! నంబర్ చిన్నదైతే మాగ్నిఫికేషన్ ఎక్కువ. కొత్తలో అందరూ చేసే మిస్టేకే. ఇరవై ఐదో నంబరుది వెయ్యి, మొత్తం కనిపిస్తుంది."

వేశాడు. మొత్తం కనిపించింది. ఆ జిగురు పుసి. ఆ దారాలు నరాలు. చుట్టూ తడిసి అతుక్కుపోయిన వెంట్రుకలు. భుజంగరావు రెప్ప వెయ్యలేదు. అది వేసింది.

ఛీ అంటూ వెనక్కి గెంతాడు. గోరువెచ్చటిదేదో అతని రెప్పకి అంటుకుని తీగలా సాగింది.

"ఏమైంది గురూ?" ఫోన్‌లో స్టాన్లీ నవ్వుతున్నాడు. "ఇంతకీ ముందున్న మూత తీశావా లేదా?"

భుజంగరావు గొట్టం కొసకి టార్చి వేశాడు. మూత బిగిసే ఉంది. దాని మీద కంపెనీ వేసిన టేపు కూడా ఇంకా ఊడలేదు.